స్టీఫెన్ చౌ గురించి తెలిసినవాళ్లు రండి: కుంగ్ ఫూ హజిల్ హీరో మళ్లీ తెర మీదకి ఎందుకు రాలేదు?

నేలటికెట్టు
మొన్న ఆదివారం భోజనాలయ్యాక మావాడు ఫోన్ చూస్తూ పడీపడీ నవ్వుతున్నాడు. తొమ్మిదో తరగతి. తొంగిచూస్తే కుంగ్ ఫూ హజిల్‌లో కత్తుల సీను. ఓనరమ్మని చంపుదామని కిటికీ కింద నక్కి కత్తి విసిరితే అది తిరిగొచ్చి హీరో భుజంలోనే దిగుతుంది. ఫ్రెండుకి పని అప్పజెబితే వాడు ఇంకో కత్తి ఇంకో భుజంలో దించుతాడు. ఆఖరికి పాములు పెదాల మీద కాటేస్తాయి, మూతి బూరెలా వాచిపోతుంది.
హాస్టల్లో ఉండగా ఇదే సీను పదిమందిమి ఒకే మంచం మీద కూర్చుని చూశాం. మంచం విరిగింది, వార్డెన్ డబ్బులు కట్టించాడు.
"ఈయనెవరు నాన్నా? ఇంకేం సినిమాలు చేశాడు?" అన్నాడు వాడు. పేరు చెప్పాను, స్టీఫెన్ చౌ అని. ఆ పైన నోరు పెగల్లేదు. 2008 తర్వాత ఆయన నటించిన సినిమా ఒక్కటీ కనపడలేదు నాకు. ఏమైంది ఈయనకి? మొదట్నుంచీ తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి.

సీడీషాపు_బాచి
అన్నా, నా షాపులో అరిగిపోయిన డిస్కులు మూడు. అందులో ఒకటి ఇదే. "ఆ గొంతు అరుపు ఆంటీ సినిమా ఇవ్వు" అని అడిగేవాళ్లు, పేరు ఎవడికీ తెలీదు. ఈయనదే ఇంకో సినిమా, షావొలిన్ సాకర్‌ని "గుండోళ్ల ఫుట్‌బాల్" అనేవాళ్లు.

చాన్_భక్తుడు
జాకీ చాన్ శిష్యుడే కదా ఈయన? చిన్న పాత్రలేస్తూ పైకొచ్చాడని ఎక్కడో చదివాను.

కౌలూన్_నుంచి
శిష్యుడు కాదండీ. ఇద్దరి దారులూ వేరు. జాకీ చాన్ చిన్నప్పుడే ఆటాపాటా, విన్యాసాలూ నేర్పే పెకింగ్ ఒపెరా బడిలో చేరి, దెబ్బలు తిని, విద్య నేర్చుకుని వచ్చిన మనిషి. చౌ అలాంటి బడి మొహం చూడలేదు. తొమ్మిదేళ్లప్పుడు హాల్లో బ్రూస్ లీ సినిమా చూసి మతి పోగొట్టుకున్నాడు. వింగ్ చున్ అనే కుంగ్ ఫూ పద్ధతి నేర్చుకోవడానికి చేరాడు కానీ, ఫీజు కట్టలేక కొన్నాళ్లకే మానేశాడు.

నేను ఎనిమిదేళ్లుగా హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో ఈయన డైలాగు రాని రోజు ఉండదు, అందుకని కొంత తెలుసు. 1962 జూన్ 22న పుట్టాడు. అసలు పేరు చౌ సింగ్-చీ. టాంగ్ వంశ కాలపు కవి వాంగ్ బో రాసిన ఒక ప్రసిద్ధ వచనంలోంచి తీసి పెట్టిన పేరు, 'నక్షత్రంలా దూసుకుపోవడం' అని అర్థం. తండ్రిది నింగ్బో. ఏడేళ్లప్పుడు అమ్మానాన్న విడిపోయారు. ఒక అక్క, ఒక చెల్లి, మధ్యలో ఈయన. ముగ్గుర్నీ తల్లే పెంచింది. ఇక్కడివాళ్లు ఆయన్ని 'సింగ్ యే' అంటారు, మన లెక్కలో 'సింగ్ దొరగారు' అనుకోండి.

వరంగల్_వస్తాద్
కరాటేల బ్లాక్ బెల్ట్ ఉన్నోణ్ని, ఒక మాట చెప్త. గాయన కొట్టుడు కన్నా కంప్యూటర్ పనితనమే ఎక్కువ. జాకీ చాన్ లెక్క మూడంతస్తుల మీదికెళ్లి దుంకమను చూద్దాం.

సీడీషాపు_బాచి
వస్తాద్ గారూ, దూకడానికి ఆయన స్టంట్‌మ్యాన్ కాదు కదా. నవ్వించేవాడు.

కౌలూన్_నుంచి
బాచిగారి మాటకే వస్తున్నా. ఈయన కథ మొదలయ్యిందే దెబ్బ తినడం దగ్గర.

1982లో టీవీబీ అనే టీవీ కంపెనీ నటనా శిక్షణకి కొత్తవాళ్లని తీసుకుంటోంది. చౌ అప్లికేషన్ పెడుతూ, తోడుగా ఒక స్నేహితుణ్ణి కూడా లాక్కెళ్లాడు. అతనికి పెద్ద ఆసక్తి లేదు, గృహోపకరణాలు అమ్మే కొట్లో పనిచేసుకుంటున్నాడు. ఆ స్నేహితుడు ఎంపికయ్యాడు. చౌని వద్దన్నారు. స్నేహితుడి పేరు టోనీ ల్యూంగ్. మార్వెల్ వాళ్ల షాంగ్-చీలో తండ్రి పాత్ర వేసినాయన, ఆయనే.

నేలటికెట్టు
అబ్బా. మనం తోడు తీసుకెళ్లినవాడికి ఉద్యోగం రావడం... డిగ్రీ అయ్యాక నాకూ జరిగింది లెండి, అది వేరే కథ.

కౌలూన్_నుంచి
తర్వాత సాయంత్రం బ్యాచ్‌లో చౌకి సీటొచ్చింది. బయటికొచ్చాక ఇచ్చిన పని ఏంటంటే, సాయంత్రం నాలుగున్నరకి వచ్చే పిల్లల కార్యక్రమంలో యాంకరు. దాని పేరులోనే 430 ఉంటుంది, టైముని బట్టి. అక్కడ కొన్నేళ్లు పడి ఉన్నాడు. స్నేహితుడేమో అప్పటికే సీరియళ్లలో హీరో.

మధ్యమధ్యలో ఎక్స్‌ట్రా వేషాలు. 1983లో రచయిత జిన్ యోంగ్ నవల మీద తీసిన 'కాండోర్ వీరుల' సీరియల్లో ఈయన ఒక అనామకుడు. ఒక్క దెబ్బకి చావాలి. చౌ దర్శకుడి దగ్గరికెళ్లి, "మొదటి దెబ్బ చెయ్యి అడ్డం పెట్టి ఆపుతాను, రెండో దెబ్బకి చస్తాను, సహజంగా ఉంటుంది" అని అడిగాడట. టైము లేదు, ఒక్క దెబ్బకే చావమన్నారు. ఇది ఆయనే తర్వాత్తర్వాత చెప్పుకున్న సంగతి. హాంకాంగ్‌లో చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు.

పదనిస
కౌలూన్ గారూ, ఆ చెయ్యి అక్కడితో ఆగలేదండీ. 1999లో ఆయన తీసిన కింగ్ ఆఫ్ కామెడీ మొదట్లోనే ఉంది. చర్చిలో కాల్పుల సీను షూటింగ్ జరుగుతుంటుంది. ఈయన ఎక్స్‌ట్రా, పాదిరీ వేషం. తూటా తగలగానే పడిపోవాలి, అంతే. పడడు. ఒరుగుతాడు, మళ్లీ లేస్తాడు, గుండె పట్టుకుంటాడు, ఇంకా ఏదో చెప్పాలన్నట్టు చూస్తాడు. చుట్టూ కాల్పులు ఆగిపోయినా ఈయన చావు ఆగదు. అందరూ తిడతారు. పదహారేళ్ల కిందటి ఆ రెండో దెబ్బని సొంత సినిమాలో తీర్చుకున్నాడని నాకనిపిస్తుంది. జాకీ చాన్ కూడా అదే షూటింగ్ దగ్గర ఓ చిన్న పాత్రలో కనిపిస్తాడు, చాన్ భక్తుడు గారు గమనించగలరు.

చాన్_భక్తుడు
గమనించా అక్కా. అదే ఏడాది జాకీ సినిమాలో ఈయన కూడా ఒక సీను చేశాడని ఇప్పుడే వెతికి చూశా. బాకీ తీర్చుకున్నట్టున్నారు. శిష్యుడన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

సీడీషాపు_బాచి
పెద్ద బ్రేక్ ఎప్పుడొచ్చింది మరి?

కౌలూన్_నుంచి
1988లో ఫైనల్ జస్టిస్‌లో కార్లు దొంగిలించే కుర్రాడి వేషం. దానికే తైవాన్‌లో గోల్డెన్ హార్స్ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చేసింది. కానీ జనం నోట్లో పడింది 1989లో ఒక టీవీబీ సీరియల్‌తో. "కూచో, టీ తాగు, ఓ బన్ను తిను" అని ప్రాణం మీదకొచ్చినప్పుడు కూడా తాపీగా అంటుంటాడు. మా మేనేజరు ఇప్పటికీ మీటింగులో ఎవరైనా గొంతు పెంచితే ఆ మాటే అంటాడు. ఆ సీరియల్లోనే ఇంగ్ మన్-తాట్‌తో జత కుదిరింది.

1990లో ఆల్ ఫర్ ది విన్నర్. అంతకుముందు ఏడాది చౌ యున్-ఫాట్ జూద వీరుడిగా చేసిన పెద్ద హిట్టుని వెక్కిరిస్తూ తీసింది. 4 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటి రికార్డు కొట్టింది. మరుసటి ఏడు ఫైట్ బ్యాక్ టు స్కూల్ ఆ రికార్డుని కొట్టింది. 1992లో అయితే హాంకాంగ్ వసూళ్లలో మొదటి ఐదు సినిమాలూ ఈయనవే. ఐదుకి ఐదు. పత్రికలవాళ్లు దాన్ని 'చౌ సింగ్-చీ సంవత్సరం' అన్నారు.

వరంగల్_వస్తాద్
ఐదుకి ఐదా? ఏందన్నా గిది, పరీక్ష పేపరా.

నేలటికెట్టు
ఇంగ్ మన్-తాట్ అంటే షావొలిన్ సాకర్‌లో కుంటి కోచ్ కదా?

పదనిస
ఆయనే. హాంకాంగ్‌లో తాట్ సుక్ అంటారు. సుక్ అంటే నాన్న తమ్ముడు, కాబట్టి అచ్చ తెలుగులో తాట్ బాబాయ్. వీళ్లిద్దరూ మన కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ లాంటి జంట. ఒకడు గీర, ఒకడు బలి. ఎవరు ఎప్పుడు ఏ పక్కన ఉంటారో చెప్పలేం. జూదంలో అప్పులపాలై, దివాలా తీసి, నటుడిగా మళ్లీ కింద నుంచి మొదలెట్టిన మనిషి తాట్ బాబాయ్. ఎదుటివాడు ఎంత అతి చేసినా ఆయన ముఖం మాత్రం నిజంగా కష్టపడ్డ ముఖంలా ఉంటుంది. చౌ అల్లరి నేల మీద నిలబడటానికి అదే కారణం. షావొలిన్ సాకర్ తర్వాత ఇద్దరూ తెర మీద కలవలేదు. 2021 ఫిబ్రవరిలో కాలేయ క్యాన్సర్‌తో పోయారు.

సీడీషాపు_బాచి
పోయారా? తెలీదండీ. పాపం.

చాన్_భక్తుడు
ఒక సందేహం. అంత గొప్ప కామెడీ అయితే పాత సినిమాలు మనకెందుకు ఎక్కవు? 1992 వాటిల్లో ఒకటి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశా, పావుగంటలో కట్టేశా. పక్కవాళ్లు నవ్వుతున్నారు, నాకెందుకో తెలీదు.

పదనిస
దీనికి నేను జవాబు చెప్పాలి, నా పొట్టకూడే అది. డబ్బింగ్‌కి మాటలు రాస్తాను, టీవీ చానెళ్లకి. చైనా సినిమాలు కొన్ని రాశాను. చౌది ఒకటి చేతికొచ్చింది, పేరు చెప్పను.

ఆయన హాస్యాన్ని హాంకాంగ్ భాష కాంటొనీస్‌లో 'మో లేయ్ తావ్' అంటారు. దానికి ఇంగ్లీషువాళ్లు ఏవేవో పేజీలు రాశారు కానీ, మనకి రెండు ముక్కల్లో ఉంది: తలా తోకా లేనిది. ఎవడో సీరియస్‌గా ప్రశ్న అడుగుతాడు, ఈయన ఇంకేదో జవాబిస్తాడు, ఆ జవాబు కూడా మహా గంభీరంగా. అది మాటల మీద నడుస్తుంది. కాంటొనీస్‌లో ఒకే అక్షరానికి స్వరం మారితే అర్థం మారిపోతుంది. ఆయన పంచ్‌లలో సగం ఆ స్వరాల జారుడు మీదే. "పాలు"కీ "పాళ్లు"కీ మధ్య జారిపోయే జోకుని ఇంకో భాషలోకి ఎలా తెస్తారు చెప్పండి.

నాకొచ్చిన సీన్లో పెదవులు మూడుసార్లు మూసుకుంటాయి, నిడివి రెండు సెకన్లు. అర్థం రాస్తే నవ్వు రాదు. నవ్వు రాస్తే పెదవులు కలవవు. చివరికి "మా బాబాయి మామిడితోపు" అని పెట్టాను. అక్కడ మామిడితోపూ లేదు, ఏమీ లేదు. రికార్డింగ్‌లో డబ్బింగ్ ఆర్టిస్టు పగలబడి నవ్వాడు, నాలుగు టేకులు పోయాయి. చానెల్‌వాళ్లు అర్థం కాలేదని ఆ లైను కోసేశారు. సగం పారితోషికం కూడా కోసేశారు, అది ఇంకో సంగతి.

నేలటికెట్టు
"మా బాబాయి మామిడితోపు" 😂 అక్కా మీరు ఆ లైను మాకిచ్చేయండి, మేం వాడుకుంటాం.

వరంగల్_వస్తాద్
ఎవడన్న గట్టిగ మాట్లాడితే ఇగ నేను గిదే అంట. మా బాబాయి మామిడితోపు.

కౌలూన్_నుంచి
పదనిస గారు చెప్పింది నూటికి నూరు. ఇంకో ముక్క కలుపుతా. చైనా ప్రధాన భూభాగంలో చాలామంది ఈయన అసలు గొంతు వినలేదు. అక్కడి భాష మాండరిన్ డబ్బింగ్‌లో షీ బాన్-యూ అనే తైవాన్ కళాకారుడి గొంతు విన్నారు. ఎగతాళిగా పగలబడే ఒక నవ్వుంది, వాళ్లకి చౌ అంటే ఆ నవ్వే. ఇంకోడి గొంతుతో అంత అభిమానం సంపాదించాడంటే మొహంలో, ఒంట్లో ఏదో ఉండాలి కదా.

1995 మొదట్లో రెండు భాగాలుగా వచ్చిన ఎ చైనీస్ ఒడిస్సీ సంగతి చూడండి. చైనా పురాణగాథలోని కోతి వీరుడు సున్ వుకాంగ్ కథని దర్శకుడు జెఫ్రీ లావ్ తిరగేసి బోర్లించి తీశాడు. షూటింగ్ నింగ్‌షియా ఎడారిలో. చైనాలో దెబ్బతింది. ఇదేం పురాణం, ఇదేం గోల అన్నారు. అందులో గురువుగారు తోటివాళ్ల బుర్రలు తినేసేంత వాగుడుకాయ, ఉన్నట్టుండి ఇంగ్లీషులో ప్రేమపాట ఎత్తుకుంటాడు. తర్వాత రెండు మూడేళ్లకి కాలేజీ హాస్టళ్లలో డిస్కుల మీద, ఇంటర్నెట్ బోర్డుల మీద అదే సినిమా పాకింది. డైలాగులు కంఠతా పట్టారు. మొదట నవ్వి, చివర్లో ఏడ్చారు. ఎందుకంటే ఆ కోతి చివరికి ప్రేమని వదిలేసి తలకి బంగారు కట్టు పెట్టుకుని వెళ్లిపోవాలి.

సీడీషాపు_బాచి
అంటే అక్కడ కూడా హాస్టళ్లే బతికించాయన్నమాట. మంచాలు విరిగాయో లేదో.

చాన్_భక్తుడు
సరే, ఒప్పుకున్నా. మాటలు తెలీనివాడు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

పదనిస
గాడ్ ఆఫ్ కుకరీ, 1996. తిండికి అనువాదం అక్కర్లేదు. గీర తలకెక్కిన వంటల గురువు వీధిన పడి, ఫుట్‌పాత్ బండి దగ్గర బీఫ్ ఉండలు కొత్తరకంగా చేసి అమ్మిస్తాడు. కొరికితే లోపల్నుంచి రసం పిచికారీ కొడుతుంది. నేలకి కొడితే బంతిలా ఎగురుతుంది, దాంతో టేబుల్ టెన్నిస్ ఆడతారు.

కౌలూన్_నుంచి
అందులో చివరి పోటీలో చేసే అన్నం ఇక్కడ హోటళ్లలో నిజంగానే అమ్ముతారు. సినిమాలో పెట్టిన పేరు మీదే, 'గుండె కరిగే అన్నం' లాంటి పేరు. వేడి తెల్లన్నం, దాని మీద అంచులు కొద్దిగా మాడిన తియ్యటి చార్ సియు ముక్కలు, అంటే కాల్చిన పందిమాంసం, పక్కన సగం వేగిన గుడ్డు. పచ్చసొన పగిలి అన్నంలోకి జారుతుంది. సినిమాలో తిన్నావిడ కళ్లమ్మట నీళ్లు పెట్టుకుని, ఎందుకేడుపొస్తోందని అడుగుతుంది. ఉల్లిపాయ వేశానంటాడు.

నేను హాంకాంగ్ వచ్చిన మొదటి వారం, భాష రాదు, అద్దె గదిలో కిటికీ లేదు, ఆ అన్నం తిన్నాను. ఉల్లిపాయ లేదు దాంట్లో.

నేలటికెట్టు
కౌలూన్ గారూ...

వరంగల్_వస్తాద్
అన్నా, జర దిల్‌కి తాకింది.
మల్ల నా మాటకొస్త. కంప్యూటర్ అన్న కదా, నిన్న రాత్రి కుంగ్ ఫూ హజిల్ మల్ల చూసిన. ఆ బస్తీల దర్జీ, కూలీ, పిండి పిసికేటాయన, ముగ్గురి చేతులు చూడుండ్రి. అవి నేర్చుకున్నోళ్ల చేతులే. ఓనరమ్మ, ఓనరు ఎవరు అసలు?

కౌలూన్_నుంచి
అదే అసలు మజా. ఓనరు యువెన్ వా, జాకీ చాన్ చదివిన ఒపెరా బడివాడే, బ్రూస్ లీకి డూప్‌గా చేసినవాడు. ఓనరమ్మ యువెన్ చియు కూడా అక్కడిదే, 1974లో బాండ్ సినిమాలో ఫైట్ చేసింది. తర్వాత పెళ్లి, పిల్లలు, సినిమాలు మానేసింది. ఎవరికో తోడుగా ఆడిషన్‌కి వస్తే, మూలన సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డ ఆవిణ్ణి చూసి చౌ పట్టుకున్నాడు. ఒప్పించడానికి చాలా తిప్పలు పడ్డాడట. పాత్ర కోసం ఒళ్లు పెంచింది. ఇక గడ్డివాము జుట్టుతో, బనీనుతో వచ్చే ఆఖరి విలన్ బ్రూస్ ల్యూంగ్. డెబ్బైల్లో కుంగ్ ఫూ హీరో.

వస్తాద్ గారూ, ఫీజు కట్టలేక విద్య మానేసిన కుర్రాడు, పెద్దయ్యాక డబ్బొచ్చి, మూలన పడ్డ వస్తాదులందర్నీ ఏరుకొచ్చి తన బస్తీలో కాపురం పెట్టించాడు. నేనా సినిమాని అలాగే చూస్తాను.

వరంగల్_వస్తాద్
గిప్పుడు నేను మాట వాపస్ తీస్కుంటున్న.

సీడీషాపు_బాచి
వసూళ్లు?

కౌలూన్_నుంచి
షావొలిన్ సాకర్ 2001లో హాంకాంగ్‌లో 6 కోట్ల హాంకాంగ్ డాలర్ల రికార్డు. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు మూడూ పట్టుకుపోయింది. 2004లో వచ్చిన కుంగ్ ఫూ హజిల్ హాంకాంగ్‌లో దాన్ని దాటి, ప్రపంచం మొత్తమ్మీద 10 కోట్ల అమెరికన్ డాలర్ల దాకా తెచ్చింది.

నేలటికెట్టు
అంత ఊపులో ఉన్నవాడు ఎందుకు ఆపేశాడండీ?

కౌలూన్_నుంచి
2008లో సీజే7, పేద తండ్రి పాత్ర. అదే ఆఖరు. అందులో కొడుకుగా చేసింది నిజానికి అమ్మాయి, షు జియావ్. ఆ తర్వాత హాలీవుడ్ గ్రీన్ హార్నెట్‌లో కేటోగా, దర్శకుడిగా కూడా అనుకుని తప్పుకున్నాడు, వేషం తైవాన్ గాయకుడు జే చౌకి వెళ్లింది. కేటో అంటే ఒకప్పుడు బ్రూస్ లీ వేసిన పాత్ర, గుర్తుందిగా. అప్పట్నుంచి కెమెరా వెనకే. 2016లో ది మర్‌మెయిడ్ చైనాలో 339 కోట్ల యువాన్లు తెచ్చింది, అప్పటికి అక్కడ అదే అతిపెద్ద వసూలు. తెర మీద మొహం చూపించకుండానే.

పదనిస
నా ఊహ చెప్తాను, తప్పైతే తిట్టండి. ఆయన వేషాలన్నీ ఒకటే వేషం: జేబులో పైసా లేదు, నోట్లో మాత్రం కోటలు దాటే మాటలు. జనం తంతారు, లేస్తాడు. అది ఇరవై ఎనిమిదేళ్లవాడి ఒంటికి నప్పుతుంది. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది, పేరూ డబ్బూ దండిగా ఉన్నాయి. ఇప్పుడాయన్ని తంతే మనం నవ్వలేం, ఆయన ఆకలంటే నమ్మలేం. మన దగ్గర అరవైల్లో కాలేజీ కుర్రాళ్లుగా వేసేవాళ్లని చూసి చూసి మనకిది వింతగా ఉంది గానీ, ఆయన తన లెక్క తను చూసుకున్నాడు. 2019లో కింగ్ ఆఫ్ కామెడీని కొత్తగా తీసినప్పుడు కూడా తను వెయ్యలేదు. ఎక్స్‌ట్రా అమ్మాయి కథగా మార్చాడు.

చాన్_భక్తుడు
ఒప్పుకోను అక్కా. చార్లీ చాప్లిన్ పెద్దయ్యాక కూడా చేశాడు. తాట్ బాబాయ్ చేసిన వేషాలు ఇప్పుడీయన చెయ్యొచ్చు. కుంటి కోచ్, ఓడిపోయిన గురువు. ఎదురుగా కొత్త కుర్రాడుంటే చాలు.

పదనిస
అది మాత్రం చూడాలనుంది నాకూ. కానీ ఆ పక్కన నిలబడటం ఆయనకి ఎప్పుడైనా వచ్చా అని నా అనుమానం. సినిమాలన్నిట్లో ఆ పని తాట్ బాబాయే చేశాడు.

సీడీషాపు_బాచి
షాపు మూసేసినా ఆ అరిగిన డిస్కు ఉంది నా దగ్గర. ప్లేయరే లేదు. ఎవరికైనా కావాలా?

నేలటికెట్టు
బాచీ, దాచుకో నాయనా.
నిన్న రాత్రి మావాడితో కింగ్ ఆఫ్ కామెడీ చూశాను. చర్చి సీన్‌కి వాడు కిందపడి దొర్లాడు. అన్నం డబ్బా ఇమ్మంటే ఎక్స్‌ట్రాలకి లేదు పొమ్మనే దగ్గర ఇద్దరం ఏం మాట్లాడలేదు. సినిమా అయ్యాక కాండోర్ సీరియల్లో చెయ్యి అడ్డం పెడతానన్న సంగతి చెప్పాను. వాడు కాసేపాలోచించి, "ఆ టైము లేదన్న డైరెక్టరు తర్వాత ఈ సినిమా చూసి ఉంటాడా నాన్నా?" అన్నాడు.
కౌలూన్ గారూ, మీ మేనేజరుని అడిగి చెప్పండి.

కౌలూన్_నుంచి
అడిగానండీ. కూచో, టీ తాగు, ఓ బన్ను తిను అన్నాడు.